గ్రాఫిక్స్ పేపర్‌ని జిరాక్స్ మెటీరియల్‌కి వదిలేయకండి

కోపంగానే రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు కాలేజీల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ ఎలా ఉందని పిల్లల్ని అడిగి చూడండి. "ఈజీనే సార్, నాలుగు ఆల్గారిథమ్స్ బట్టీ పడితే పాసైపోతం" అంటారు. తప్పు పిల్లలది కాదు. జిరాక్స్ షాపు మెటీరియల్‌లో అవే ఇంపార్టెంట్ క్వశ్చన్లు, పాత పేపర్లలోనూ అవే. రికార్డులో సీనియర్ల ప్రోగ్రాములు ఎక్కించేస్తారు. తెరమీద ఒక గీత ఎట్లా పుడుతుందో ఒక్కసారి కూడా చూడకుండానే సెమ్ గడిచిపోతుంది. ఏళ్లుగా ఈ పేపర్ చెబుతున్నవాణ్ణి కాబట్టి ఇది నాకు మామూలు బాధ కాదు.

వైవాలో గీత గీసే రెండు ఆల్గారిథమ్స్, డీడీఏకీ బ్రెసెన్‌హామ్‌కీ తేడా అడిగితే జవాబు టకటకా వస్తుంది. "డీడీఏలో ఫ్లోటింగ్ పాయింట్, బ్రెసెన్‌హామ్‌లో ఇంటీజర్ సార్." అంటే ఒకదాంట్లో దశాంశాలు, ఇంకోదాంట్లో పూర్ణసంఖ్యలు. అయితే ఏంటి, దాంతో ఏం ఒరిగింది అంటే మాత్రం నోరు పెగలదు. 1962లో బ్రెసెన్‌హామ్ ఐబీఎంలో ఉన్నప్పుడు, 1401 కంప్యూటర్‌కు తగిలించిన ప్లాటర్‌తో (కాగితం మీద పెన్నుతో గీసే యంత్రం) గీతలు గీయించడానికి ఆ పద్ధతి కనిపెట్టాడు. ఆ రోజుల్లో దశాంశాల గుణకారాలు, భాగహారాలు యంత్రానికి పెద్ద బరువు. అందుకే కూడికలు, తీసివేతలతోనే పని కానిచ్చాడు. ఈ ఒక్క సంగతి ముందు చెప్పినా ఆల్గారిథమ్ బట్టీ పట్టే పని ఉండదు.

గళ్ల కాగితం తీసుకుని బ్రెసెన్‌హామ్ పద్ధతి చేసి చూడండి. (0,0) నుంచి (8,5) దాకా గీత. పైకి ఎక్కాలా వద్దా అని చెప్పే నిర్ణయ సంఖ్య మొదట 2×5−8, అంటే 2. అది సున్నా గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఒక గడి పక్కకు, ఒక గడి పైకి వెళ్లి సంఖ్యలోంచి 6 తీసేయాలి. సున్నాకు తక్కువైతే పక్కకు మాత్రమే వెళ్లి 10 కలపాలి. 2, −4, 6, 0, −6, 4, −2, 8 అని నడుస్తూ గీత సరిగ్గా (8,5) దగ్గర ఆగుతుంది. మొదటిసారి అక్కడ ఆగినప్పుడు పిల్లల మొహాలు చూడాలి! ఆ సంతోషం కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

ఇక ల్యాబ్. ఇప్పటికీ చాలాచోట్ల డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాముల్ని నడిపే సాఫ్ట్‌వేర్) టర్బో సీ అనే పాతకాలపు సీ కంపైలర్. అందులో మనవాళ్లు వాడే మోడ్ 640×480, పదహారంటే పదహారే రంగులు. గ్రాఫిక్స్ మొదలుపెట్టే initgraph ఫంక్షన్‌కు ఇచ్చే పాత్ తప్పుపడితే ఆ పూట ల్యాబంతా ఎర్రర్ వెతకడానికే సరి. అదే పిల్లాడి జేబులో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో కాన్వాస్ (వెబ్ పేజీలో బొమ్మలు గీసే చోటు) తెరిస్తే పది లైన్లలో పిక్సెల్, అంటే తెరమీది చుక్క వెలుగుతుంది, కోటికి పైగా రంగుల్లో. 2011 నుంచి బ్రౌజర్‌లోనే త్రీడీ బొమ్మలు గీసే వెబ్‌జీఎల్ కూడా ఉంది, పైసా ఖర్చు లేదు. ఇంకా పాత ల్యాబే ఎందుకంటే "సిలబస్‌లో అట్లనే ఉంది" అంటారు. ఈ జవాబు నేను ఒప్పుకోను.

అసలు మన జిల్లాలకు ఈ సబ్జెక్టు పరాయిది కానే కాదు. పాత నల్గొండ జిల్లా పోచంపల్లిలో, పుట్టపాకలో డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా పడుతుంది. ఆ గళ్ల లెక్కన నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. గళ్ల మీద ఏటవాలు గీత ఎప్పుడూ మెట్లుమెట్లుగానే వస్తుంది. తెరమీదా అంతే, దాన్నే మనం ఏలియాసింగ్ అంటున్నాం. చీరలో ముడి కిందికి రంగు కొంచెం పాకి, పోగు కొంచెం జరిగి ఆ మెట్ల అంచు మెత్తబడుతుంది. యాంటీ ఏలియాసింగ్‌లో మనం అంచు పిక్సెళ్లకు మధ్య రంగులు లెక్కగట్టి పూసేదీ ఇందుకే. మగ్గం ఉన్న ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి మొదటి బెంచీలో కూర్చుని ఉంటే, ఈ ముక్క చెప్పకుండా బోర్డు మీద నిర్వచనం డిక్టేట్ చేయడం ఘోరం.

విజువలైజేషన్, అంటే లెక్కల్ని బొమ్మలుగా, మ్యాపులుగా చూపడం, దాని సంగతి ఇంకా అన్యాయం. చివరి యూనిట్ కదా, "టైం లేదు, చదువుకోండి" అని దాటేస్తారు. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నడుములు వంగిపోయిన జిల్లా మనది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. అలాంటి చోట బోరు నీళ్ల లెక్కలు మ్యాపు మీద పెట్టడం నేర్పకపోతే ఇంకెక్కడ నేర్పుతాం?

నేర్పాల్సింది చాలా ఉంది. ఇంద్రధనుస్సు రంగుల స్కేలు పెట్టారనుకోండి, మధ్యలో ఉన్న పసుపు అన్నిటికంటే ప్రకాశంగా కనబడి కన్ను అక్కడికే పోతుంది. అన్నిటికంటే ప్రమాదం ఉన్న ఊరు ముదురు ఎరుపులో మసకబారి వెనక్కి పోతుంది. గ్రాఫులు గీసే పైథాన్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో ఆ రకం స్కేలును డిఫాల్ట్‌గా తీసేసి విరిడిస్ అనే వేరే రంగుల స్కేలు పెట్టింది ఊరికే కాదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అనే హద్దు దగ్గర రంగు స్పష్టంగా మారాలి. రెండు బోర్ల మధ్య నేలంతా నున్నగా రంగు పూస్తే, ఎవరూ పరీక్షించని నీళ్లకు కూడా మనం సర్టిఫికెట్ ఇచ్చినట్టే. ఒక వీధిలోనే బోరుకూ బోరుకూ తేడా ఉంటుందని ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు.

"ఏఐ బొమ్మలు గీస్తుంటే ఇవన్నీ ఎందుకు సార్" అని ఈ మధ్య ప్రతి బ్యాచ్‌లో అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. ఆ ఏఐని నడిపే జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్ చిప్) పుట్టిందే గ్రాఫిక్స్ కోసం. త్రీడీ బొమ్మల్ని కట్టే త్రిభుజాల శీర్షాలను తిప్పే మాట్రిక్స్ గుణకారాలు ఒకేసారి వేలల్లో చేయాల్సి వచ్చింది కాబట్టే ఆ చిప్ అట్లా తయారైంది. ఇంటర్‌లో మార్కుల కోసం చేసిన మాట్రిక్సులు, సైన్, కాస్ ఇక్కడ కళ్ల ముందు కదులుతాయి. ముందు తిప్పి తర్వాత జరిపితే ఒకచోట, ముందు జరిపి తర్వాత తిప్పితే ఇంకోచోట పడుతుంది బొమ్మ. AB, BA ఒకటి కాదని ఇంటర్‌లో రాసిన లైను అప్పుడు అర్థమవుతుంది.

సిలబస్ కమిటీల్లో ఉన్న పెద్దలు ఇది చదివితే నేను అడిగేది ఇంతే. ల్యాబ్‌ను బ్రౌజర్‌కు మార్చండి. పేపర్‌లో "ఆల్గారిథమ్ రాయండి" బదులు ఒక గీత ఇచ్చి, ఫలానా పిక్సెల్ ఎందుకు వెలిగిందో అడగండి. ఇంటర్నల్స్‌లో ఒక భాగం సొంత మండలం మ్యాపుకు ఇవ్వండి. ల్యాబ్ ప్రోగ్రాములన్నీ ఫోన్‌లో నడిచేలా రాసి పెట్టుకున్నాను. ఏ కాలేజీ లెక్చరర్ అడిగినా అదే రోజు పంపిస్తాను.