సవరణ: చాపెల్ హిల్ బొగ్గు బాయిలర్లు

అమెరికాలోని చాపెల్ హిల్ పట్టణంలో ఉన్న యూనివర్సిటీ బొగ్గు బాయిలర్ల గురించి మేం రాసిన దాంట్లోంచి "టౌన్ కౌన్సిల్ తీర్మానిస్తే నార్త్ కరోలినా యూనివర్సిటీ బొగ్గు ఆపాల్సిందే" అన్న వాక్యాన్ని తీసేశాం. తీర్మానం మద్దతు తెలపడం మాత్రమే, ఆదేశం కాదు. ఆ బాయిలర్లున్న కామెరాన్ అవెన్యూ ప్లాంటుకు వాయు కాలుష్య పర్మిట్ ఇచ్చేది రాష్ట్రం. 2020 కల్లా బొగ్గు మానేస్తామని 2010లో మాటిచ్చింది యూనివర్సిటీయే. గడువు దాటాకా బొగ్గు మండింది.

"సోలార్ పెడితే చాలు" అన్నదీ చెల్లదు. అది కోజనరేషన్ ప్లాంటు: కరెంటుతో పాటు క్యాంపస్‌కూ ఆసుపత్రికీ ఆవిరి పంపుతుంది. ప్యానెళ్లు ఆవిరినివ్వవు కదా! గ్యాస్‌కు మారితే ఆవిరి పైపులు అలాగే వాడుకోవచ్చు, కానీ గ్యాసూ శిలాజ ఇంధనమే. ఆవిరి బదులు వేడినీరు పంపే వ్యవస్థకైతే కొత్త పైపులు వేయాలి, ప్రతి భవనంలో హీట్ ఎక్స్ఛేంజర్ (పైపులోని వేడిని భవనానికి అందించే పరికరం) మార్చాలి. ఊరి వీధులు తవ్వాల్సొస్తే తవ్వకం అనుమతులు, ట్రాఫిక్ మళ్లింపు కావాలి. టౌన్ నిజంగా అక్కరకొచ్చేది అక్కడే. పర్మిట్ రెన్యువల్ విచారణలో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పడం ఇంకో దారి.