సంతకం అడగని ప్రార్థన

ఎండాకాలం మొదలైందంటే హన్మకొండ నక్కలగుట్ట నుంచి వరంగల్ చౌరస్తా దాకా ఎక్కడ చూసినా అడ్మిషన్ల ఫ్లెక్సీలే. మూడేళ్లు నిండిన పిల్లను ఏ బడిలో వేయాలన్నది ప్రతి ఇంట్లోనూ పంచాయితీ. నాయనమ్మ శిశుమందిర్ అంటుంది, తల్లి కాన్వెంట్ అంటుంది. మండిబజార్ వైపు వెళ్తే పంచాయితీ ఇంకో తీరు: అరబ్బీ కూడా చెప్పే కేజీ స్కూల్లో వేయాలా, కాన్వెంట్‌లో వేసి సాయంత్రం ఖురాన్ చదువు చెప్పే మక్తబ్‌కు పంపాలా? బాసరలో అక్షరాభ్యాసం చేయించుకొచ్చి, ఆ వారమే సిస్టర్ల బడిలో ఫీజు కట్టేవాళ్లకూ ఓరుగల్లులో కొదవ లేదు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. మతం చూసి వేసేవాళ్ల కన్నా ఇంగ్లీషు, క్రమశిక్షణ, ఫీజు, ఇంటికి దూరం చూసి వేసేవాళ్లే ఎక్కువ.

బడి పెట్టుకునే హక్కు ఉన్నట్టే దానికో హద్దూ ఉంది. మైనారిటీలు తమ విద్యాసంస్థలను నడుపుకోవచ్చని రాజ్యాంగం 30వ అధికరణం చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ పొందిన ఏ బడిలోనైనా సరే, సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధనకో ఆరాధనకో కూర్చోబెట్టరాదని 28(3) చెబుతోంది. అది చర్చి బడికీ వర్తిస్తుంది, శ్లోకాల బడికీ వర్తిస్తుంది. అయినా అడ్మిషన్ ఫారంలో తండ్రి ఆదాయం, కులం, ఆధార్ నంబరు అడిగే యాజమాన్యాలు ఈ ఒక్క సంతకం అడగడం మేం చూడలేదు. తల్లిదండ్రులూ అడగరు. ప్రిన్సిపాల్ గదిలో ఏ దేవుడి పటం ఉందో గమనించి వచ్చే తండ్రి, మరుగుదొడ్డి తలుపు తీసి కూడా చూడడు.

నాలుగేళ్ల పిల్ల టిఫిన్ బాక్స్ మూత తీయకముందే కళ్లు మూసుకుని చేతులు జోడిస్తుంది. ఒక బడిలో ఏసు ప్రార్థన, ఇంకో బడిలో భోజన మంత్రం. అర్థం తెలియదు, పక్క పిల్ల చేసింది కాబట్టి చేస్తుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని పెద్దలు మురిసిపోయేది ఇక్కడే, మా భయమూ ఇక్కడే. ఆ వయసులో కాదనడం పిల్లకు చేతకాదు. ఆమె తరఫున ఔనో కాదో చెప్పాల్సింది ఇంటివాళ్లే. కాదని చెప్పిన ఇంటి పిల్లను టీచరు వరుసలోంచి లేపి గోడ పక్కన నిలబెడితే ఆ సమ్మతికి విలువే లేదు. బాక్సులో ఉడకబెట్టిన గుడ్డు తెచ్చిన పిల్లాణ్ని వేరే బెంచీకి పంపినా అంతే.

కేరళలో తమ మతవిశ్వాసం ఒప్పుకోదని జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడిన ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపేస్తే, అది చెల్లదని 1986లో సుప్రీంకోర్టు తేల్చింది. అన్ని మతాల గురించి చెప్పడం మతబోధన కిందికి రాదని 2002లో అదే కోర్టు అంది. కాబట్టి క్రిస్మస్ కథ చెప్పినా, దసరా సెలవుల ముందు ఆవరణలో బతుకమ్మ ఆడించినా, రంజాన్ నెలవంక బొమ్మ గీయించినా ఎవరూ ఉలిక్కిపడక్కర్లేదు. కథ చెప్పడం వేరు, మొక్కించడం వేరు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. సందుకొకటిగా వెలిసిన ప్లేస్కూళ్లలో గుర్తింపూ సాయమూ లేనివాటికి 28(3) వర్తించదు. విద్యాహక్కు చట్టం ఇచ్చిన హక్కు మొదలయ్యేదే ఆరేళ్ల నుంచి. ప్రధానంగా మతబోధన చేసే మదర్సాలను, వేద పాఠశాలలను 2012 సవరణ ఆ చట్టం నుంచే తప్పించింది. ఆరేళ్లలోపు పిల్లల చదువు, సంరక్షణ చూడాలని 45వ అధికరణం సర్కారుకు చెబుతున్నా, అంగన్‌వాడీ గడప దాటితే పట్టించుకునే నాథుడు లేడు. అందుకే తల్లిదండ్రులు ముందుగా గుర్తింపు పత్రం చూపించమనాలి. ఆ తర్వాత ఒక పూట తరగతి బయట నిలబడి, ఏడ్చే పిల్లను ఆయా ఎలా ఎత్తుకుంటుందో చూడాలి. దేవుడి సంగతి అటు తర్వాత.

వరంగల్, హనుమకొండ జిల్లాల విద్యాధికారులు చేయాల్సింది చిన్న పనే. గుర్తింపు ఇచ్చేటప్పుడు, పొడిగించేటప్పుడు అడ్మిషన్ ఫారంలో ఒక గడి తప్పనిసరి చేయాలి: ఈ బడిలో రోజూ ఏ ప్రార్థన, ఎంతసేపు, మా పిల్ల పాల్గొనడం మాకు సమ్మతమా కాదా. కాదన్న ఇంటి పిల్లలకు ఆ పావుగంట సేపు తెల్లకాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి అదే గదిలో కూర్చోబెట్టాలి. జూన్‌లో బడులు తెరిచేలోపు ఈ ఉత్తర్వు ఇవ్వడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.