తీర్పుకు ముందు లెక్క

ఐర్లండ్‌లో పాలన మంత్రులదా, బిషప్పులదా? 1951లో ఆరోగ్య మంత్రి నోయెల్ బ్రౌన్ తల్లీబిడ్డలకు ఉచిత వైద్యం అందించబోతే కేథలిక్ బిషప్పులు అడ్డుపడ్డారు. సహచర మంత్రులు చేతులెత్తేశారు. ఆయన రాజీనామా చేశారు. ఈ ప్రశ్నకు ఆవేశంతో కాక ఆధారాలతో జవాబు వెతికిన రాజనీతి పండితుడు జాన్ వైట్.

ఆయన స్వయంగా కేథలిక్. అయినా డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఈ పరిశోధన సాగనిచ్చే వాతావరణం లేకపోయింది. 1966లో బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లండ్‌కు, అక్కడి బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పని పూర్తిచేశారు. 1971లో వెలువడిన 'చర్చ్ అండ్ స్టేట్ ఇన్ మోడర్న్ ఐర్లండ్' కోసం 1923 నుంచి 1970 దాకా వచ్చిన సుమారు 1,800 చట్టాల్ని జల్లెడ పట్టారు. బిషప్పుల ప్రమేయానికి ఆధారాలు దొరికింది 16 చట్టాల విషయంలోనే. అంతమాత్రాన చర్చిని మామూలు ఒత్తిడి బృందంగా ఆయన తీసిపారేయలేదు. కొన్ని అంశాల్లో దాని మాటను కాదనే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదని గట్టిగానే చెప్పారు. సంచలనం కోరుకునేవారు ఆ 1,800 దాచేవారు. చర్చిని వెనకేసుకొచ్చేవారు ఆ 16 దాచేవారు. వైట్ రెండూ పాఠకుల ముందు పెట్టారు. ఆయన పట్ల మా గౌరవానికి అదే కారణం.

ఆయన బెల్‌ఫాస్ట్‌లో ఉండగానే కేథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల ఘర్షణలతో వీధులు రక్తసిక్తమయ్యాయి. బ్రిటన్‌లోనే కొనసాగాలనే, ఎక్కువగా ప్రొటెస్టెంట్లైన యూనియనిస్టుల ఏలుబడిలో కేథలిక్కులపై వివక్ష ఎంత అన్నదాన్ని 1983 నాటి వ్యాసంలో ఆయన రంగాలవారీగా తూచారు. ఎన్నికల ఏర్పాట్లలో, ప్రభుత్వ ఉద్యోగాల్లో అది తీవ్రమని, పశ్చిమ ప్రాంతాల్లో మరీ ఎక్కువని తేల్చారు. కేథలిక్కులే అధికులైన డెరీలో వార్డుల గీతలు మార్చి నగరపాలన యూనియనిస్టుల చేతిలో నిలిపిన తీరు తెలిసిందే. 1990లో వచ్చిన 'ఇంటర్‌ప్రెటింగ్ నార్తర్న్ ఐర్లండ్'లో ఐర్లండ్ ఏకం కావాలనే జాతీయవాద, యూనియనిస్టు, మార్క్సిస్టు వాదనలను పరీక్షించి, ఘర్షణ మూలాలు ప్రధానంగా ఉత్తర ఐర్లండ్ లోపలే ఉన్నాయనే వివరణవైపు మొగ్గారు. పుస్తకం అచ్చై వచ్చేసరికి ఆయన లేరు.

మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు 1937 నాటి ఐరిష్ రాజ్యాంగమే ప్రేరణ. తరగతి గదిలో ఆ ఒక్క వాక్యంతో ఐర్లండ్ పాఠం ముగిసిపోతోంది. అదే రాజ్యాంగం కేథలిక్ చర్చికి ప్రత్యేక స్థానం ఇచ్చిందని, 1972 రెఫరెండంలో ప్రజలే దాన్ని తొలగించారని విద్యార్థులకు చెప్పాలి. మన విశ్వవిద్యాలయాల రాజనీతి శాస్త్ర శాఖలు వైట్ రచనలను పాఠ్యప్రణాళికలో చేర్చాలి. మతం, ప్రభుత్వం మధ్య సంబంధాలపై ఇక్కడ పరిశోధించేవారికి ఒత్తిళ్లు ఎదురైతే, వారు మరో ఊరు వెతుక్కోవాల్సిన అవసరం రాకుండా వైస్ చాన్సలర్లు అండగా నిలవాలి.