సవరణ: వాల్‌పేపర్‌కు జిగురు ఎక్కడ రాయాలి

వాల్‌పేపర్ ఏ రకమైనా సరే, వెనకవైపు జిగురు రాసి, మడిచి, పది నిమిషాలు నాననివ్వాలని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, అన్ని రకాలకూ వర్తించదు.

నాననివ్వాల్సింది మామూలు కాగితపు రకాన్ని. తడి తగిలితే కాగితం వెడల్పు కాస్త పెరుగుతుంది. ఆ సాగుడంతా గోడ ఎక్కకముందే అయిపోవాలి. లేదంటే గోడ మీద బుడగలు లేస్తాయి, ఆరాక అతుకుల దగ్గర సందులు కనిపిస్తాయి. నాన్-వోవెన్ రకం (పీచులను నేయకుండా ఒకదానికొకటి అతికించి చేసే షీటు) తడికి దాదాపు సాగదు. కాబట్టి జిగురు గోడకే రాసి, పొడి షీటును నేరుగా అంటించేయడమే. తయారీదారులు రోల్ లేబుల్ మీద ఇచ్చే సూచనల్లో ఈ తేడా స్పష్టంగా ఉంటుంది: బ్రష్ బొమ్మ గోడ మీద ఉందా, కాగితం మీద ఉందా చూడండి. ఎంతసేపు నానాలో కూడా అక్కడే చూసుకోవాలి, నా పది నిమిషాల లెక్క వదిలేయండి. ఎంతసేపైనా అన్ని షీట్లకూ ఒకే సమయం ఇవ్వాలి, లేకపోతే పక్కపక్క షీట్ల డిజైన్ కలవదు.

సీలింగ్‌కు పొడవాటి షీటును విసనకర్రలా మడతలు పెట్టుకోమని ఆ పోస్టులోనే అన్నది కాగితపు రకానికి సరైనదే. నాన్-వోవెన్‌కు ఆ మడతలు అక్కర్లేదు, జిగురు రాసిన సీలింగ్ మీద రోల్ విప్పుకుంటూ పోవచ్చు. మెడనొప్పి మాత్రం రెండింటికీ సమానమే.