చుట్ట నిజంగా చవకేనా?

"రోజుకు రెండు చుట్టలు పేదవాడి చవక సుఖం, అడ్డపొగ తాగుతూనే మా మామ్మ తొంభై ఏళ్లు బతికింది, జబ్బు చేసినా వైద్యం ఉచితమే, పైగా ఆ పన్నులతోనే ప్రభుత్వం నడుస్తోంది" అనే వాట్సాప్ సందేశం మన శ్రీకాకుళం గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అడ్డపొగ అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగడం.

ముందు మామ్మ సంగతి. తొంభై ఏళ్లు బతికినావిడ అరుగు మీద అందరికీ కనిపిస్తుంది గానీ, యాభై దాటగానే అంగిలి పుండుతో పోయిన తోటికోడలిని ఎవరూ లెక్కలోకి తేరు. పరిశోధకులు మన జిల్లా పల్లెల్లోనే 10,169 మంది నోళ్లు పరీక్షించి, నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగుతున్నారని 1971లో ప్రచురించారు. నిప్పు కొస నోట్లో ఉండటంతో వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. వేరేచోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువ కావడానికి అదే కారణం. చాలాకాలంగా తాగేవారి అంగిలి తెల్లబారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉంటుంది. నొప్పి ఉండదు కనుక ఎవరూ చూపించుకోరు.

ఇక చవక మాట. మొగుడి బీడీలకూ అత్త చుట్టలకూ కలిపి రోజుకు ఇరవై రూపాయలే అనుకున్నా ఏడాదికి 7,300 అవుతుంది. ఉన్నవాడి ఇంట్లో ఆ డబ్బు మిగులులోంచి పోతే, కూలివాడి ఇంట్లో గుడ్డు, పాలు, నోటుపుస్తకాల డబ్బులోంచి పోతుంది. బియ్యం రేషనులో వస్తాయి కాబట్టి కంచంలో అన్నం తగ్గదు, కూరే తగ్గుతుంది; అందుకే ఆ కోత ఎవరి కంటా పడదు. ప్రపంచంలో పొగాకు వాడేవారిలో నూటికి సుమారు 80 మంది అల్ప, మధ్యాదాయ దేశాలవారే కనుక ఇది మన ఒక్క జిల్లా కథ కాదు.

పన్నుల వాదన మరీ తేలిక. 2017-18లో పొగాకు జబ్బులూ అకాల మరణాల వల్ల దేశానికి కలిగిన నష్టాన్ని 1,77,341 కోట్ల రూపాయలుగా లెక్కగట్టారు; పొగాకుపై వచ్చిన ఎక్సైజ్ రాబడి అందులో సుమారు ఎనిమిదో వంతు.

వైద్యం ఉచితమన్నది సగం నిజం. ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం భరిస్తుంది, కాదనను. కానీ నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. సోంపేట నుంచి తల్లికి తోడుగా విశాఖ వెళ్లిన కొడుకు అన్నాళ్లూ పోగొట్టుకున్న కూలిని ఏ ఉచిత వైద్యమూ తిరిగి ఇవ్వదు.