వర్జీనియా పదో నియోజకవర్గం: హష్మీ గెలుపు వెనుక అసలు లెక్క

2019 నవంబరు 5న అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర సెనేట్ పదో నియోజకవర్గంలో డెమోక్రాట్ గజాలా హష్మీ చేతిలో సిట్టింగ్ రిపబ్లికన్ సెనేటర్ గ్లెన్ స్టర్టెవాంట్ ఓడిపోయారు. ఆమె హైదరాబాద్‌లో పుట్టారు కాబట్టి మన దగ్గర అది ‘హైదరాబాదీ ఘనత’గానే చెలామణి అయింది. సంతోషమే. కానీ ఆ సీటును తిప్పింది పుట్టిన ఊరు కాదు, పోలింగ్ శాతం.

రిచ్‌మండ్ నగరంలో కొంత భాగం, చెస్టర్‌ఫీల్డ్ కౌంటీ శివార్లు, పూర్తిగా పల్లె వాతావరణమున్న పొహాటన్ కౌంటీ కలిస్తే అప్పటి పదో నియోజకవర్గం. 2016లో హిల్లరీ క్లింటన్‌కు, 2017లో గవర్నర్ ఎన్నికలో డెమోక్రాట్ రాల్ఫ్ నార్తమ్‌కు ఇక్కడ ఆధిక్యం వచ్చింది. మరి 2015లో స్టర్టెవాంట్ ఎలా గెలిచారు? వర్జీనియాలో శాసనసభ ఎన్నికలు బేసి సంవత్సరాల్లో జరుగుతాయి. 2015లో అధ్యక్ష పోటీ లేదు, గవర్నర్ పోటీ లేదు. రాష్ట్రంలో ఓటేసింది 29 శాతం మందే. అలాంటప్పుడు బూత్‌కు వచ్చేది ఎక్కువగా ఏ ఎన్నికా వదలని పెద్ద వయసు ఓటర్లే. 2019లోనూ పై పదవులేవీ బ్యాలెట్‌పై లేవు. అయినా పోలింగ్ 42 శాతం దాటింది.

ట్రంప్ మీద శివార్లలో పెరిగిన కోపం అందుకు ఒక కారణం. రెండోది తుపాకులు. మే 31న వర్జీనియా బీచ్‌లో ఒక ఉద్యోగి 12 మందిని కాల్చి చంపాడు. తుపాకుల చట్టాల కోసం గవర్నర్ నార్తమ్ జులై 9న ప్రత్యేక సమావేశం పిలిస్తే, రిపబ్లికన్లు గంటన్నరలో వాయిదా వేసి వెళ్లిపోయారు. నవంబరు దాకా డెమోక్రాట్లకు అంతకన్నా మంచి ప్రచారాస్త్రం అక్కర్లేకపోయింది.

స్టర్టెవాంట్ ఏమీ మొండి సంప్రదాయవాది కాదు. స్త్రీ పురుష సమానత్వ రాజ్యాంగ సవరణను ఆమోదించాలని 2019లో సెనేట్‌లో తీర్మానం పెట్టిందే ఆయన. కానీ పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా ‘మెడికెయిడ్’ విస్తరణను వ్యతిరేకించారు. పార్టీ మీద కోపంతో వచ్చిన ఓటరు అభ్యర్థి మంచిచెడ్డలు తూచడు.

కోర్టు గీసిన కొత్త హద్దుల వల్లే డెమోక్రాట్లు గెలిచారన్న వాదన ఇక్కడ నిలవదు. 2019కి ముందు కోర్టు మార్చింది దిగువ సభ హద్దులే. సెనేట్ ఎన్నిక 2011 నాటి పటం మీదే జరిగింది. ఆ నవంబరులో ఓడిన సిట్టింగ్ సెనేటర్ స్టర్టెవాంట్ ఒక్కరే. అయినా 40 సీట్ల సభ 21-19తో డెమోక్రాట్ల పరమైంది.

2023లో ఆయన పన్నెండో నియోజకవర్గానికి మారి, రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, సొంత పార్టీ సిట్టింగ్ సెనేటర్ అమాండా చేజ్‌నే ఓడించారు. ముక్కోణపు పోటీలో చేజ్ వ్యతిరేక ఓటు చీలినా, కొన్ని వందల ఓట్లతో బయటపడ్డారు. హష్మీ 2025లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. సెనేట్‌కు అధ్యక్షత వహించేది, ఓట్లు సమానమైతే తేల్చేది ఆ పదవే.