సగం అన్న లెక్క చాలదు

పశ్చిమ ఆఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోలో ప్రాథమిక బడుల్లో చదివే పిల్లల్లో ఆడపిల్లల వాటా ఇప్పుడు దాదాపు సగం. 1990 ప్రాంతంలో అది నూటికి నలభై కూడా లేదు. అంత పేద దేశం ఒక్క తరంలో ఇంత దూరం వచ్చిందంటే అక్కడి తల్లిదండ్రులకు, పంతుళ్లకు చేతులెత్తి మొక్కాలి. అయినా ఆ ‘సగం’ చూసి మనం తృప్తిపడకూడదని నా గట్టి అభిప్రాయం.

వాటా అన్నది బడిలోకి వచ్చినవాళ్లనే లెక్కపెడుతుంది. ఒక ఊళ్లో వందమంది ఆడపిల్లలు, వందమంది మగపిల్లలు ఉన్నారనుకుందాం. ఇటు ఇరవైమంది, అటు ఇరవైమంది బడికి వస్తే ఆడపిల్లల వాటా సగం. మిగిలిన నూట అరవైమంది ఆ లెక్కలో ఎక్కడా కనిపించరు. ఇంకో సంగతి కూడా ఉంది. బుర్కినాలో కాస్త పెద్దయిన మగపిల్లలు చాలామంది చదువు మానేసి బంగారం తవ్వే గుంతల దగ్గరికి కూలికి పోతారు. వాళ్లు వెళ్లిపోతే కొత్తగా ఒక్క ఆడపిల్ల కూడా చేరకుండానే ఆడపిల్లల వాటా పెరుగుతుంది. ఆ పెరుగుదలను చూసి ఎలా సంతోషించగలం?

ఊళ్లో బడి ఈడు ఆడపిల్లలు ఎందరు, వాళ్లలో ఈరోజు బడికి వచ్చినవాళ్లు ఎందరు? నేను నమ్మేది ఆ లెక్కను. దాన్ని నిజంగా పెంచిన పని ఒకటి అక్కడ 2005లో మొదలైంది. పేరు బ్రైట్. అమెరికాలో ఉన్న మనం కట్టే పన్నుల డబ్బే మిలీనియం ఛాలెంజ్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సహాయ సంస్థ ద్వారా దానికి వెళ్లింది. ఆడపిల్లల చదువు బాగా వెనకబడిన పది ప్రావిన్సుల్లో 132 ఊళ్లకు బడులు వచ్చాయి. తరగతి గదులతో పాటు పంతుళ్లకు ఇళ్లు, మంచినీటి బోరు, ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్లు కట్టారు. మధ్యాహ్నం అందరికీ భోజనం పెట్టారు. నెలలో నూటికి తొంభై శాతం హాజరున్న ఆడపిల్లకు ఇంటికి తీసుకెళ్లడానికి తిండిగింజలు ఇచ్చారు.

వీటన్నిటిలో నన్ను కదిలించింది బిసోంగో. బడికి ఆనుకుని ఉండే పసిపిల్లల సంరక్షణ కేంద్రాన్ని అక్కడ అలా పిలుస్తారు. అమ్మ పొలానికి వెళితే చంటివాడిని ఎత్తుకోవలసింది అక్కే. ఆ బిడ్డ ఆమె చంకన ఉన్నంతకాలం బడి ఎంత దగ్గరున్నా, ఎంత ఉచితమైనా ఆమెకు అందదు. మా అమ్మ చదువు మూడో తరగతితో ఆగిపోయింది సరిగ్గా ఇందుకే. ఆమెను ఎవరూ చదువుకోవద్దనలేదు. తమ్ముడిని దించడానికి చోటు లేకపోయింది, అంతే. తమ్ముడిని కూడా తీసుకుని రా, వాడిని పక్క గదిలో చూసుకుంటాం అని ఆ పిల్లకు చెప్పగలిగిన బడి బుర్కినాలో కనిపించినప్పుడు, ఈ సమస్య లోతు తెలిసినవాళ్లు ఆ పథకం రాశారని అర్థమైంది.

ఫలితాన్ని కూడా నిజాయితీగా కొలిచారు. బడి కోసం 293 ఊళ్లు పోటీపడ్డాయి. అవసరాన్నిబట్టి వాటికి మార్కులు వేశారు. కొద్దిలో బడి దక్కిన ఊళ్లను, కొద్దిలో తప్పిపోయిన ఊళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. బడి దక్కిన ఊళ్లలో నూరుమంది పిల్లలకు సుమారు 19 మంది ఎక్కువగా బడిలో ఉన్నారు. మగపిల్లల చేరిక పెరిగింది, ఆడపిల్లలది అంతకన్నా మరో ఐదు శాతం పాయింట్లు ఎక్కువ పెరిగింది. పరీక్షల్లో మార్కులూ మెరుగుపడ్డాయి. ఆడపిల్లల కోసం కట్టిన బడిలో అన్నదమ్ములూ చదువుకున్నారు.

ఇక ఇప్పటి సంగతి రాయడం కష్టంగా ఉంది. సాయుధ ముఠాల దాడుల వల్ల 2023 నాటికి ఆ దేశంలో ఆరు వేలకు పైగా బడులు మూతపడ్డాయి. అంటే నాలుగింట ఒకటి. దాదాపు పది లక్షల మంది పిల్లలు చదువుకు దూరమయ్యారు. ఊరు ఖాళీ అయినప్పుడు అన్నా చెల్లెలూ కలిసే బడి మానేస్తారు. అప్పుడూ వాటా సగం దగ్గరే నిలబడి ఉండగలదు. ఆ అంకెను చూసి అక్కడ అంతా బాగుందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

ఇటు మన వైపు, విదేశాలకు సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ యుఎస్‌ఎయిడ్‌ను 2025 జూలైలో మూసేశారు. బ్రైట్ పనిని దగ్గరుండి నడిపించిన సంస్థల్లో అదీ ఒకటి. మనలో చాలామందిమి ఇక్కడ ఓటర్లం, పన్ను కట్టేవాళ్లం. గత నెల మా కాంగ్రెస్ ప్రతినిధికి ఉత్తరం రాశాను. సహారా ఎడారికి దక్షిణాన బుర్కినా వంటి దేశాలున్న సాహెల్ ప్రాంతపు ఆడపిల్లల చదువుకు సాయం తిరిగి మొదలుపెట్టమని, అందులో బోరుకూ బిసోంగోకూ డబ్బు కేటాయించమని అడిగాను. ఏటా వచ్చే నివేదికలో వాటాతో సరిపెట్టకుండా, ఏ ఊళ్లో ఎందరు ఆడపిల్లలుంటే ఎందరు బడికి వచ్చారో రాయించమని కోరాను. ఆ ఉత్తరం నకలు మన సంఘం కార్యాలయంలో ఉంచాను. పేరు మార్చి మీరూ పంపవచ్చు.